పాత మియాటాకు కొత్త మియాటా షాకులు: ఇంటి గరాజ్‌లోనే మార్చుకోవడం ఎలా

నా దగ్గర 1994 మాజ్డా మియాటా (రెండు సీట్ల చిన్న ఓపెన్ టాప్ కారు) ఉందని తెలిసిన దగ్గర్నుంచి డాలస్ చుట్టుపక్కల కార్ల పిచ్చి ఉన్న తమ్ముళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే. "అన్నా, బండి గుంతలో పడితే నడుం విరుగుతోంది. కొత్త సస్పెన్షన్ కొనాలంటే వెయ్యి డాలర్లు దాటుతోంది. వేరే మోడల్‌వి ఏమన్నా పడతాయా?" పడతాయి. 1990 నుంచి 1997 వరకు వచ్చిన మొదటి తరం కారుకు (పైకి లేచే హెడ్‌లైట్లు ఉన్నది, దాన్ని ఎన్ఏ అంటారు) 1999 నుంచి 2005 వరకు వచ్చిన రెండో తరం, అంటే ఎన్‌బీ కారు షాకులు (కుదుపులు తగ్గించే షాక్ అబ్సార్బర్లు), స్ప్రింగులు, పై మౌంట్లు (షాకు పై కొసని బండికి బిగించే భాగాలు) మొత్తం సెట్టుగా కూర్చుంటాయి. కోయక్కర్లేదు, వెల్డింగ్ అక్కర్లేదు, కొత్త రంధ్రం వేయక్కర్లేదు. అందరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ ఒక్కసారే రాస్తున్నా.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్తా. ఎన్ఏలో షాకు కిందికీ పైకీ కదిలే దారి తక్కువ. గుంత కాస్త పెద్దదైతే షాకు కడ్డీ మీద పైన ఉండే రబ్బరు అడ్డు, అంటే బంప్ స్టాప్‌కి కొట్టుకుంటుంది. మీ నడుముకి తగిలే దెబ్బ అదే. ఎన్‌బీ పై మౌంటు నిర్మాణం వేరు, షాకుకు పైకి వెళ్ళే దారి ఎక్కువ దొరుకుతుంది. దానికితోడు 30 ఏళ్ళ నాటి మీ షాకుల్లో ఈపాటికి దమ్ము ఉండదు. ఈ రెండూ ఒకేసారి బాగుపడతాయి కాబట్టే తేడా అంతగా తెలుస్తుంది.

ముందు ఒక మాట. మీ టైర్లు ఆరేడేళ్ళ పాతవై రాయిలా గట్టిపడి ఉంటే అవి మార్చి చూడండి. ఎన్ఏకి కంపెనీ ఇచ్చిన సైజు 185/60 ఆర్14. టైరు రాయిలా ఉంటే షాకు ఎంత మంచిదైనా ఉపయోగం లేదు. నాకు తెలిసిన ఒకాయన సస్పెన్షన్ అంతా మార్చాక టైర్లు మార్చాడు, అప్పుడు గానీ తేడా తెలియలేదు.

ఏమేం కావాలి

ఎన్‌బీ షాకు, స్ప్రింగు, పై మౌంటు బిగించి ఉన్న పూర్తి సెట్లు నాలుగు. విడిగా షాకులు, విడిగా స్ప్రింగులు కొనకండి. స్ప్రింగు విప్పి బిగించడం ఇంట్లో చేసే పనుల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది, మనకు ఆ అవసరమే రాకూడదు. కొత్త ఖరీదైన షాకులు వేసుకోవడానికి పాతవి తీసి అమ్మేసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, తుక్కు యార్డుల్లోనూ దొరుకుతాయి. బిల్‌స్టీన్ అని రాసి ఉన్న సెట్టు దొరికితే వదలొద్దు. కొన్ని ఎన్‌బీ కార్లకు స్పోర్ట్ ప్యాకేజీలో అవి కంపెనీ నుంచే వచ్చాయి.

ఇక పనిముట్లు: ట్రాలీ జాకీ, జాక్ స్టాండ్లు నాలుగు, 14, 17 మిల్లీమీటర్ల సాకెట్లు (లోతువి, మామూలువి రెండూ), చక్రం నట్లకు 21 సాకెట్, బిగుసుకున్న నట్లు విప్పడానికి పొడవాటి బ్రేకర్ బార్, టార్క్ రెంచి (ఎంత బలంతో బిగించామో చూపించే పాన), పొడవాటి గునపం లాంటి ప్రై బార్, తుప్పు వదిలించే స్ప్రే, టేపు, మార్కర్ పెన్ను, కొలత టేపు, చక్రాల కింద పెట్టడానికి మందమైన చెక్క దిమ్మెలు నాలుగు. ఇంకో మనిషి కూడా కావాలి. నేను మా బావమరిదిని పట్టుకొచ్చా. పని అయ్యేదాకా బిర్యానీ తెప్పించొద్దు, తిన్నాక ఎవరూ లేవరు.

సమయం: మొదటిసారి అయితే శనివారం మొత్తం. టెక్సస్, కాలిఫోర్నియా బండి అయితే సాయంత్రానికి తేలుతుంది. మంచుకి రోడ్ల మీద ఉప్పు చల్లి బోల్టులు తుప్పుపట్టే ఒహాయో, మిషిగన్ వైపు పెరిగిన బండి అయితే ఆదివారం కూడా ఖాళీగా ఉంచుకోండి, సోమవారం ఆఫీసుకి వెళ్ళడానికి ఇంకో కారు చూసుకోండి.

కొనేటప్పుడు ఏం చూడాలి

షాకు పైనున్న రబ్బరు తొడుగు పైకి జరిపి లోపలి కడ్డీ చూడండి. నున్నగా మెరుస్తూ ఉండాలి. గుంటలు, తుప్పు మచ్చలు ఉంటే సీలు కోసేస్తుంది, నెలల్లో నూనె కారుతుంది. షాకు ఒంటిమీద తడి, జిడ్డు పట్టిన మట్టి ఉంటే అది అప్పటికే పోయినట్టు. బంప్ స్టాప్‌ని వేలితో నొక్కితే పొడి పొడిగా రాలితే బేరం తగ్గించండి. కింది కన్నులో (షాకు కింది కొసన బోల్టు దూరే రంధ్రం) రబ్బరు బుష్, అంటే గొట్టం లాంటి రబ్బరు ముక్క, చిరిగి ఉందేమో చూడండి. స్ప్రింగు కింది చుట్టు విరిగి ఉందేమో వేలు పెట్టి తడిమి చూడండి, పైకి కనపడదు.

అన్నిటికన్నా ముఖ్యం: ముందువి ఏవో, వెనకవి ఏవో, ఎడమ ఏది, కుడి ఏది అని అమ్మేవాడి ఎదుటే టేపు అంటించి రాసుకోండి. ఇంటికొచ్చాక చూసుకుందాం అనుకుంటే నాలుగూ ఒకలాగే కనిపిస్తాయి. నాకు అమ్మినాయన రెండు ముందువి, రెండు వెనకవి అని చెప్పాడు. తీరా చూస్తే మూడు ముందువి, ఒకటి వెనకది! మళ్ళీ 40 మైళ్ళు వెళ్ళొచ్చా.

పై మౌంట్లు మాత్రమే ఎన్‌బీవి తెచ్చి మీ ఎన్ఏ షాకులకు వేద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. అది కుదిరే పనే. కానీ స్ప్రింగు విప్పాలి, వాషర్లు, బుష్‌ల లెక్క మారుతుంది. ఆ దారిలో వెళ్ళాలంటే భాగాలు సమకూర్చుకుని షాపులో చేయించండి. ఇక్కడ రాసింది పూర్తి సెట్టు మార్చడం గురించే.

పని మొదలుపెట్టే ముందు

మూడు రోజుల ముందు నుంచే రోజుకోసారి బోల్టులన్నిటికీ తుప్పు స్ప్రే కొట్టండి. ఈ చిన్న పని చేయక ఎందరు బోల్టు తల తెంపుకున్నారో! ఆ లెక్కలో నేనూ ఉన్నా.

బండి సమంగా ఉన్న చోట నిలిపి, చక్రం మధ్య నుంచి నేరుగా పైన ఫెండర్ (చక్రం మీది రేకు) అంచు వరకు నాలుగు వైపులా కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలిని బట్టి లెక్క మారుతుంది, అందుకే చక్రం మధ్య నుంచి కొలవాలి. ఆ నాలుగు అంకెలు తర్వాత పనికొస్తాయి.

దశలు

1. చక్రాల నట్లు బండి నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేయండి. ముందు భాగం ఎత్తడానికి జాకీని ఇంజన్ కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ మధ్యలో పెట్టండి, వెనకవైపు డిఫరెన్షియల్ గుండు మధ్యలో పెట్టండి. జాక్ స్టాండ్లు మాత్రం పక్కన అంచు కింద బలంగా కట్టిన చోటే ఉండాలి, ఆ చోటు ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది. నాలుగు స్టాండ్ల మీద పెట్టాక బండిని రెండు చేతులతో గట్టిగా ఊపి చూడండి. ఊగితే దింపి మళ్ళీ పెట్టండి. జాకీ మీద మాత్రమే నిలబడిన బండి కిందకు ఎవరూ దూరొద్దు, ఒక్క నిమిషమైనా.

2. చక్రాలు తీసి బండి కింద అంచు పక్కన పడుకోబెట్టండి. స్టాండు జారినా బండి చక్రం మీద ఆగుతుంది.

3. వెనక నుంచి మొదలుపెట్టండి, అది తేలిక. చెయ్యి తిరుగుతుంది. డిక్కీలో కార్పెట్, పక్క కవర్లు తీస్తే షాకు పై నట్లు కనపడతాయి. ఎడమవైపు పెట్రోలు పోసే గొట్టం అడ్డం వస్తుంది, దాని కవర్ తీయాలి. కుడివైపు బ్యాటరీ ఉంటుంది (ఈ కారుకి బ్యాటరీ డిక్కీలోనే). పాన తగిలి షార్ట్ కాకుండా బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి పక్కన పెట్టండి.

4. ప్రతి షాకు పైన పక్కల రెండు 14 నట్లు, నడుమ ఒక నట్టు ఉంటాయి. పక్కల ఉన్న రెండే మనవి. నడి నట్టు జోలికి పోవద్దు. అది స్ప్రింగుని నొక్కి పట్టి ఉంచే నట్టు. విప్పితే నొక్కుకుని ఉన్న స్ప్రింగు ఒక్కసారి విడిపోతుంది, ముఖం మీదికొస్తుంది. ఈ వాక్యం మీ స్నేహితుడికి చదివి వినిపించండి, ఎందుకంటే ఉత్సాహంలో పాన తీసుకుని ఆ నట్టు మీదే పెట్టేది ఎప్పుడూ పక్కనోడే.

5. ముందుగా స్వే బార్ (ఎడమ, కుడి చక్రాలను కలిపే కడ్డీ) లింకులు రెండు వైపులా విప్పండి. అవి బిగించి ఉంటే ఒక వైపు ఆర్మ్ కిందికి నొక్కేటప్పుడు రెండో వైపు అడ్డుపడుతుంది. తర్వాత షాకు కింది 17 బోల్టు వదులు చేయండి. రాకపోతే బలం పెట్టేముందు కాస్త బిగించే వైపు తిప్పి, మళ్ళీ వదులు చేసే వైపు తిప్పండి. కిర్రుమని శబ్దం వచ్చి కదిలితే మంచిదే. మెత్తగా, సాగుతున్నట్టు తిరిగితే ఆగండి, బోల్టు తెగబోతోంది. మళ్ళీ స్ప్రే కొట్టి టీ తాగి రండి.

6. కింది బోల్టు తీశాక పై నట్లు రెండూ తీయండి, ఇంకో మనిషి షాకుని కింద నుంచి పట్టుకోవాలి. ఇప్పుడు ప్రై బార్‌తో కింది ఆర్మ్‌ని (చక్రాన్ని బండికి కలిపే ఇనుప చెయ్యి) బలంగా కిందికి నొక్కితే షాకు కింది కన్ను దాని గూటిలోంచి బయటికొస్తుంది. నొక్కేటప్పుడు బ్రేకు పైపు గట్టిగా లాగుకోకుండా, ఏబీఎస్ ఉంటే ఆ తీగ తెగకుండా ఒక కన్నేసి ఉంచండి.

7. తీసిన పాతదాన్నీ, పెట్టబోయే కొత్తదాన్నీ పక్కపక్కన నేల మీద పెట్టి చూడండి. పైనున్న రెండు బోల్టుల వరసకూ, కింది కన్ను రంధ్రం వరసకూ మధ్య కోణం రెండిట్లో ఒకేలా ఉండాలి. కొత్తదానిది వేరుగా ఉంటే అది వేరే మూలది అయినా అయ్యుండాలి, ఎవరో స్ప్రింగు విప్పి మౌంటు తిప్పి బిగించినా ఉండాలి. అలాగే తోసేస్తే కింది రబ్బరు బుష్ మెలితిరిగి కూర్చుంటుంది, ఆర్నెల్లలో చిరుగుతుంది.

8. కొత్త సెట్టు పైకి ఎత్తి ముందు పై నట్లు రెండూ చేత్తో తిప్పండి. తర్వాత కింది ఆర్మ్ నొక్కి కన్ను గూట్లో కూర్చోబెట్టి బోల్టు దూర్చండి. బోల్టు దారానికి యాంటీ సీజ్ (బోల్టు బిగుసుకుపోకుండా పూసే పూత) గానీ గ్రీజు గానీ పూయాలనిపిస్తుంది. బోల్టు మధ్య సాఫీ భాగానికి పల్చగా పూయండి, దారానికి వద్దు. దారం తడిగా ఉంటే టార్క్ రెంచి చూపించే అంకె నిజం కాదు. పై నట్లు 22 నుంచి 27 ఫుట్-పౌండ్లు బిగించండి. కింది బోల్టు మాత్రం ఇప్పుడు చేత్తో తాకించి వదిలేయండి. ఎందుకో పదో దశలో చెప్తా.

9. ముందు చక్రాలు. క్రమం ఇదే, కాస్త ఇరుకు. పై నట్లు ఇంజన్ గదిలో ఉంటాయి. షాకు పై ఆర్మ్ మధ్యలోంచి వెళ్తుంది కాబట్టి బయటకు తీయడం తంటా. ఒకరు కింది ఆర్మ్‌ని ప్రై బార్‌తో నొక్కి పట్టాలి, ఇంకొకరు షాకుని వంచి తిప్పి లాగాలి. మా ఇద్దరికీ మొదటి ముందు షాకు తీయడానికి గంట పట్టింది, రెండోది పావుగంటలో వచ్చేసింది. ఎంత నొక్కినా రాకపోతే రెండో దారి ఉంది: పై ఆర్మ్‌ని పట్టి ఉంచే పొడవాటి బోల్టు తీసేసి ఆర్మ్‌ని పక్కకు వాల్చడం. చోటు బాగా దొరుకుతుంది. కానీ తిరిగి పెట్టేటప్పుడు వాషర్ల వరస మారకూడదు, ఆ బోల్టుని సర్వీస్ మాన్యువల్ అంకె ప్రకారమే బిగించాలి. విప్పే ముందు ఫోన్‌తో రెండు ఫొటోలు తీసుకోండి. హబ్‌ని (చక్రం బిగించే భాగం) గాలిలో వేలాడనివ్వొద్దు, బరువంతా బ్రేకు పైపు మీద పడుతుంది. తాడుతో పైకి కట్టండి.

10. ఇక అసలు విషయం. నాకొచ్చే ఫిర్యాదుల్లో సగం ఇక్కడ చేసిన తప్పువల్లే. షాకు కింది కన్నులో రబ్బరు బుష్ ఉంటుంది. బోల్టు బిగించినప్పుడు దాని లోపలి గొట్టం ఆర్మ్‌కి గట్టిగా అంటుకుపోతుంది, ఆ తర్వాత కదలిక అంతా రబ్బరు మెలితిరగడమే. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరుకి అదే విశ్రాంతి స్థానం అయిపోతుంది. బండి నేలమీదికి దింపగానే రబ్బరు మెలితిరిగే ఉంటుంది, ఇరవై నాలుగు గంటలూ. సస్పెన్షన్ గట్టిగా అనిపిస్తుంది, బండి కాస్త ఎత్తుగా నిలబడుతుంది, కొన్నాళ్ళకు రబ్బరు తెగుతుంది. మొదటిసారి నేను చేసింది ఇదే. గాల్లోనే అన్నీ టార్క్ పెట్టి బిగించేసి, గొప్పగా ఫొటో కూడా తీసుకున్నా. రెండు నెలల తర్వాత వెనక నుంచి టక్ టక్‌మని శబ్దం.

సరైన పద్ధతి: చక్రాలు బిగించి బండి కిందికి దింపి, బ్యాటరీ తీగ మళ్ళీ పెట్టండి. పదడుగులు ముందుకు, వెనక్కి నడపండి. నాలుగు మూలలా చేత్తో నొక్కి వదలండి. తర్వాత ఒక్కో చక్రం కింద చెక్క దిమ్మె వచ్చేలా బండిని ఎక్కించి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, బండి బరువు చక్రాల మీదే ఉండగా కింది బోల్టులు 54 నుంచి 69 ఫుట్-పౌండ్లు బిగించండి. దిమ్మెలు లేకపోతే ఇంకో దారి ఉంది. చక్రం తీసి, జాకీని కింది ఆర్మ్ చివర పెట్టి, చక్రం మధ్య నుంచి ఫెండర్ వరకు ఉండాల్సిన కొలత వచ్చేదాకా ఎత్తి అప్పుడు బిగించొచ్చు. ఆ కొలత కోసమే బండి ఒకసారి నేలమీదికి దింపాలి. స్వే బార్ లింకులు కూడా బరువు మీదే బిగించండి.

ఆర్మ్‌ల లోపలి బోల్టులు మీరు విప్పకపోతే వాటిని ముట్టుకోనక్కర్లేదు. బండి ఎత్తు ముందటి కన్నా ఒక వేలి మందం దాటి మారితే మాత్రం వాటినీ వదులు చేసి బరువు మీద మళ్ళీ బిగించడం మంచిది. కింది ఆర్మ్‌ల లోపలి బోల్టులకు గుండ్రటి క్యామ్‌లు ఉంటాయి, అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) అంతా వాటి మీదే. వదులు చేసే ముందు వాటి స్థానం పెయింట్ పెన్నుతో గీసుకోండి. లేకపోతే అలైన్‌మెంట్ షాపు దాకా బండి పీతలా నడుస్తుంది.

11. చక్రం నట్లు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తూ 65 నుంచి 87 ఫుట్-పౌండ్ల మధ్యకు తీసుకురండి. బ్యాటరీ తీగ మళ్ళీ పెట్టండి.

సరిగ్గా పడిందో లేదో ఎలా తెలుస్తుంది

ముందుగా కొలత టేపు. నాలుగు మూలలూ కొలవండి. ఎన్‌బీ కాస్త బరువైన కారు, దాని స్ప్రింగులు తేలికైన మీ ఎన్ఏని కొంచెం పైకి నిలబెడితే కంగారు పడకండి. ఎడమ, కుడి మధ్య తేడా మాత్రం చూడండి. అర అంగుళం దాటితే ఏదో స్ప్రింగు గూట్లో కూర్చోలేదు, లేదా ముందువీ వెనకవీ కలిసిపోయాయి.

తర్వాత ఫెండర్ మీద బరువేసి నొక్కి వదలండి. ఒక్కసారి పైకి లేచి ఆగాలి. రెండు మూడుసార్లు ఊగితే మీరు కొన్న షాకు కూడా అరిగిందే.

అప్పుడు కాలనీలో నెమ్మదిగా నడపండి, రేడియో ఆపేసి, కిటికీలు దించి. స్పీడ్ బ్రేకర్ మీద ఒకసారి, మూల తిరుగుతూ ఒకసారి, బ్రేకు గట్టిగా వేసి ఒకసారి. చిన్న గుంతకి కూడా పై నుంచి టక్‌మంటే పై నట్లు చూడండి. తిరిగేటప్పుడు కింద నుంచి వస్తే స్వే బార్ లింకు వదులు. కీచుమంటే రబ్బరు. గట్టి దెబ్బ, లోహానికి లోహం తగిలినట్టు అయితే వెంటనే ఆపి కింద చూడండి.

50 మైళ్ళు తిరిగాక మళ్ళీ టార్క్ రెంచితో ప్రతి బోల్టు చూడండి. ఒకటో రెండో ఇంకాస్త తిరుగుతాయి, అది మామూలే.

అలైన్‌మెంట్ తప్పదు. ఈ కారుకి నాలుగు చక్రాలకూ కోణాలు మార్చుకోవచ్చు, అదే దీని అందం. కాకపోతే ఆ క్యామ్ బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటే షాపువాడు డబ్బు తీసుకుని "తిరగలేదు సార్" అంటాడు. ముందే మీరు తిప్పి చూసుకుని వెళ్ళండి. రోడ్డు మీద తిరగడానికి చాలామంది ముందు క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలే కోణం) మైనస్ 1 డిగ్రీ దగ్గర, వెనక మైనస్ 1.5 దగ్గర పెట్టించుకుంటారు, టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కొద్దిగా లోపలికి, క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వాలే కోణం) రెండు వైపులా సమానంగా. డ్రైవర్ సీట్లో మీ బరువు ఉండగా చేయమని అడగండి. చిన్న కారు కదా, మనిషి బరువుకే లెక్క మారుతుంది.

ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళు (మీ దగ్గర దీన్ని ఎంఎక్స్-5 అంటారు) ఈ మార్పు ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే చెప్పండి. దాచితే క్లెయిమ్ రోజున ఇబ్బంది. ఇండియా నుంచి "మా మారుతి 800కి ఇలా వేరే మోడల్‌వి వేయొచ్చా" అని అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా బండి మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. ఆర్టీవో ఆఫీసులో అడక్కుండా ఆటోనగర్‌కి తోలకండి.

చివరగా హెడ్‌లైట్లు. ముందు భాగం ఎత్తు మారితే లైట్ల గురి కూడా మారుతుంది. గోడకి 25 అడుగుల దూరంలో బండి నిలిపి వెలుగు ఎక్కడ పడుతోందో చూసి స్క్రూ తిప్పి సరిచేసుకోండి. నేను ఇది మర్చిపోయి వారం రోజులు తిరిగా. ఎదురొచ్చే ప్రతివాడూ లైట్లు ఆర్పి వెలిగిస్తుంటే, పాత కారు ముచ్చటగా ఉందని పలకరిస్తున్నారనుకున్నా.